బూడిదతో వేసిన వేలిముద్ర

చుట్టల అవ్వ పోయిందని నాకు మొదట చెప్పింది మారికుప్పం స్టేషన్ బయట పూలమ్మే సెల్వి. అవ్వ పేరు నాకు తెలియదు. ఒక్కసారే, అక్కడి బస్టాపులో చూశాను.

సిగార్ల వ్యాపారి ఒకడు కొత్త సరుకులోంచి ఒకటి తీసి ఆమెకు ఇచ్చాడు. రుచి చూసి చెప్పడమే ఆమె పని. అవ్వ వెలిగించి, పొగ మింగకుండా నోట్లో తిప్పి వదిలింది. సగం కాలేదాకా అలాగే రుచి చూసింది.

"మొదట మిరియాల కారం, ఇంగ కాఫీగింజ చేదు. ఘాటు నడిమికి కొంచెం పైన ఉండాది, అంతే."

"ఫుల్ స్ట్రాంగ్ అని చెప్పవ్వా! డబ్బాల మీద అచ్చేసినాను. లేకుంటే రేపట్నుంచి పనికి రావద్దు."

అక్షరాలు రాని అవ్వ, రుచి రాసి సరుకుతో పంపే చీటీని, పక్కన బస్సు కోసం నిలబడ్డ నా చేతికిచ్చింది. "నేను చెప్పిందే రాయమ్మా."

"దేవుని బిడ్డలు చుట్టల సంగతి రాస్తారామ్మా?" అని నా చేతిలోని బైబిలు చూసి అతను నవ్వాడు.

నాయన ఇంట్లో నేర్పిన తెలుగు అక్షరాలతో ఆమె మాటే రాశాను. అవ్వ చల్లారిన బూడిదలో వేలద్ది ముద్ర వేసింది. "డబ్బా నీది అప్పా, నాలుక నాది."

మరునాటి నుంచి ఆమెకు పని లేదట. ఆ చీటీ నా చేత రాయించినందుకు దేవునికి వందనాలు. సంఘస్థులారా, మీ ప్రార్థనలో ఆ అవ్వను ఒక్కసారి తలుచుకోండి.