మునిర్కా నుంచి నోయిడాకు: సుజాతక్క ఇంగ్లీషు పరీక్ష

మే నెలలో ఢిల్లీ వెళ్లడం బుద్ధి ఉన్నవాళ్లు చేసే పని కాదు. నేను వెళ్లింది మా పెద్దమ్మ కూతురు సుజాతక్క కోసం. ఏలూరులో నర్సింగ్ చదివి ఢిల్లీ వెళ్లిన అక్క పదిహేనేళ్లుగా అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వాళ్ల వార్డు ఇన్‌చార్జి సిస్టర్ మానేసినప్పటి నుంచి, అంటే ఏడాదిగా, ఆ పనంతా అక్కే చేస్తోంది. ఇన్‌చార్జి అన్న పేరు మాత్రం ఇవ్వలేదు. ఆ పేరు వస్తే రాత్రి డ్యూటీలు ఉండవు. నడుం నొప్పితో రాత్రంతా నిలబడలేకపోతున్న మనిషికి అదే పెద్ద వరం. ఈలోగా ఆసుపత్రికి విదేశీ రోగులు రావడం మొదలైంది. ఇకమీదట ఇన్‌చార్జి కావాలంటే నోయిడాలోని ఒక ఇంగ్లీషు శిక్షణ సంస్థలో మాట్లాడే పరీక్ష నెగ్గాలని యాజమాన్యం కొత్త నిబంధన పెట్టింది. ఆ వార్డు నుంచి ఇద్దరిని పంపుతారు, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు పదవి. "నువ్వు ఇంగ్లీషు లెక్చరర్‌వి కదే గ్రేసూ, ఎలాగూ సెలవులే. వచ్చి నాలుగు ముక్కలు చెప్పి, నాకు తోడు రా" అని అక్క ఫోన్ చేసింది.

నాకూ ఒక ఆశ ఉందనుకోండి. మా కాలేజీలో నేను పాఠం చదివి అర్థం చెప్పే పద్ధతి ఎప్పుడో మానేశాను. పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి వాళ్ల చేత మాట్లాడిస్తాను. నా తరగతి చేపల బజారులా ఉంటుందని తోటి లెక్చరర్లు నవ్వుతారు. ఈ కొత్త పద్ధతినే నమ్ముకున్న సంస్థ అంటే అక్కడ ఏదో నేర్చుకోవచ్చు అనుకున్నాను. అందుకే పిలిచిందే తడవుగా విజయవాడలో రైలెక్కేశాను. స్లీపర్ బోగీలో నాగపూర్ దాటాక వీచే గాలి గాలి కాదు, సెగ. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాను, మీరూ ఒకటి పెట్టుకోండి. మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దిగి, స్టేషన్ బయట ప్రీపెయిడ్ బూత్‌లో చీటీ తీసుకుంటే మునిర్కాకు ఆటో వంద రూపాయల లోపే అయింది. బూత్ దాటి బయటికి వచ్చారో, అంతకు రెట్టింపు అడుగుతారు.

మునిర్కా ఊరిలాంటి పేట. చేతులు చాపితే రెండు వైపులా గోడలు తగిలే సందులు, నెత్తిన కరెంటు తీగల చిక్కులు, ప్రతి మేడ మీదా అద్దెకున్న విద్యార్థులు, నర్సులు. అక్కావాళ్లది మూడో అంతస్తులో గదీ వంటిల్లూ. బావగారు ఇంకో ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, ఆయన పొద్దున్నే వెళ్లిపోయారు. పదకొండేళ్ల కూతురు షీబా నేను తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబు చెప్పింది. "ఆంటీ, పానీ లేంగీ?" అంటూ నీళ్ల గ్లాసు ఇచ్చింది. సొంత పిన్నిని పట్టుకుని ఆంటీ అంటుందేమే అని అడిగితే అక్క నవ్వి, "ఇక్కడ అందరూ ఆంటీలేనమ్మా. ఏ మాటతో పిలిచినా మంచినీళ్లిచ్చింది కదా, సంతోషించు" అంది.

రెండు రోజులు కూర్చుని అక్కను పరీక్షకు తయారుచేశాను. నిజం చెప్పాలంటే చెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు. రోజంతా డాక్టర్లతో మాట్లాడే మనిషి, అక్క ఇంగ్లీషు తడుముకోకుండా వస్తుంది. సొంత అభిప్రాయం చెప్పమన్నప్పుడు మాత్రం ఆగిపోయేది. "వార్డులో నా అభిప్రాయం ఎవడడిగాడే ఇన్నేళ్లలో?" అనేది. శుక్రవారం సాయంత్రం ఆ గదిలోనే ప్రార్థన కూడిక జరిగింది. చుట్టుపక్కల ఆసుపత్రుల్లో పనిచేసే మన కోస్తా నర్సులు పదిమంది దాకా వచ్చి చాపల మీద కూర్చున్నారు. నడిపించేది అక్కే. మా ఏలూరు కూడికల్లో లాగే అందరికంటే చిన్నది ముందు తన కష్టమో సుఖమో చెప్పాలి. అది బిగుసుకుపోతే నడిపించేవాళ్లు మెల్లగా అడిగి చెప్పిస్తారు. అలా వరసన అందరి వంతూ అయ్యాక, చిట్టచివర నడిపించే మనిషి మాట్లాడుతుంది. పెద్దవాళ్లు ముందే చెప్పేస్తే చిన్నవాళ్లు నోరు విప్పరని మా అమ్మమ్మల నాటి నుంచీ ఇదే పద్ధతి. నా తరగతిలో నేను చేసేదీ ఇంచుమించు ఇదే కదా అనిపించి ఆ సాయంత్రం నాకు భలే ధైర్యం వచ్చింది.

శనివారం పొద్దున ఏడున్నరకే బయలుదేరాం. నోయిడాకు మెట్రో ఇంకా రాలేదు, స్తంభాలు మాత్రం లేస్తున్నాయి. బస్సులో వెళ్తే నెహ్రూ ప్లేస్‌లో మారాలి. చీర నలగకూడదని ఆటో ఆపాం. "నోయిడా? వో తో యూపీ మే హై మేడమ్, వాపసీ కీ సవారీ నహీ మిల్తీ" అన్నాడు డ్రైవరు, అది యూపీ అని, తిరుగు బేరం దొరకదని. రెండు వందలన్నాడు. "భయ్యా, రోజ్ కా రాస్తా హై హమారా. డేఢ్ సౌ, చలో" అంది అక్క. రోజూ వెళ్లే దారేనట, ఎప్పుడో గానీ నోయిడా ముఖం చూడని మనిషికి. నూట యాభైకి ఒప్పుకున్నాడు. దారిలో ఎందుకు వెళ్తున్నారని అడిగాడు. ఇంగ్లీషు పరీక్ష అంది అక్క. "ఈ వయసులోనా దీదీ?" అని హిందీలో జాలిపడ్డాడు. ఆశ్రమ్ దగ్గర ట్రాఫిక్ లేకపోతే గంటలో చేరతారు. మాకు గంటంబావు పట్టింది.

ఆ సంస్థ అద్దాల మేడలో రెండో అంతస్తు. నల్లబల్ల లేదు, బెంచీల్లేవు. గుండ్రటి బల్లలు, రంగు రంగుల కుర్చీలు, గోడల మీద నవ్వుతున్న తెల్లవాళ్ల బొమ్మలు. శిక్షకుడు పాతికేళ్ల కుర్రవాడు, టీషర్టు వేసుకున్నాడు. సార్ అనొద్దు, నిఖిల్ అనండి అన్నాడు ఇంగ్లీషులో. "ఇక్కడ ఎవరూ ఎవరికీ పాఠం చెప్పరు. మీరే మాట్లాడతారు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు" అన్నాడు. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. తోడు వచ్చినవాళ్లను అద్దం గోడకు ఇవతల కూర్చోబెట్టి, ఆరుగురు నర్సులను లోపలికి తీసుకెళ్లాడు. అందులో అక్క వార్డుకే చెందిన రీనా ఉంది. కర్నాల్ వైపు పిల్ల, నాలుగేళ్ల అనుభవం, సూది గుచ్చడం నేర్పింది అక్కే. ఇంగ్లీషంటే హడలి చచ్చే ఆ పిల్ల పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగుతూనే ఉంది.

గుంపు చర్చ పది నిమిషాలు. రోగి బంధువులు గొడవకు దిగితే నర్సు ఏం చెయ్యాలన్నది అంశం. అక్కకు కొట్టిన పిండి. నాకు మాటలు వినపడవు, మనుషులు మాత్రం కనపడుతున్నారు. నిఖిల్ చెయ్యి ఊపగానే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క అందరినీ ఒకసారి కలయజూసి, రీనా వైపు తిరిగి, కొంచెం ముందుకు వంగి ఏదో అడిగింది. రీనా తల దించుకుంది. అక్క మళ్లీ అడిగింది, నవ్వుతూ, చేత్తో ఇలా ఇలా చూపిస్తూ. రీనా నోరు విప్పింది. అప్పుడు నాకు అర్థమైంది, ఈవిడ ఇక్కడ కూడిక నడిపిస్తోందని. అందరికంటే చిన్నదాని దగ్గర మొదలుపెట్టి, వరసన ఒక్కొక్కరి చేతా చెప్పిస్తూ, తన వంతు చివరికి అట్టే పెట్టుకుంది. అక్కా, నువ్వు మాట్లాడవే అని అద్దం బాదాలనిపించింది. రీనా రెండోసారి, మూడోసారి కూడా మాట్లాడింది, ఆ పిల్ల భయం ఎటు పోయిందో తెలియదు. అందరి వంతూ అయింది. అక్క వీపు నిటారుగా పెట్టి, కొంగు సర్దుకుని, మాట్లాడబోతుండగా గంట మోగింది.

పదకొండు గంటలకు ఒక్కొక్కరినీ పిలిచి ఫలితం చెప్పారు. నేనూ వస్తానంటే నిఖిల్ కాదనలేదు. మర్యాదైన కుర్రవాడే, తప్పు పట్టడానికి లేదు. "మేడమ్, మీ భాష బాగుంది. కానీ మీరు చర్చలో పాల్గొనలేదు. ఒక్క అభిప్రాయం కూడా చెప్పలేదు. నాయకత్వానికి నేను సున్నా వెయ్యాల్సి వచ్చింది" అన్నాడు. నేనే ఉండబట్టలేక, "ఆ రీనా చేత మాట్లాడించింది ఎవరు? శిక్షకుడు తక్కువ మాట్లాడాలి, నేర్చుకునేవాళ్లు ఎక్కువ మాట్లాడాలి అనేది మీ పద్ధతే కదా. ఆ గదిలో ఆ పని చేసింది ఈవిడొక్కతే" అన్నాను. "నిజమే మేడమ్. కానీ ఇది ట్రైనింగ్ కాదు, అసెస్‌మెంట్. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో అదే లెక్క. ఇంకొకరి చేత మాట్లాడిస్తే మార్కులు వేసే చోటు నా దగ్గర లేదు" అన్నాడు. ఆరుగురిలో రీనా మొదటిది. ఆ పిల్ల బయటికొచ్చి అక్క చెయ్యి పట్టుకుని, "దీదీ, ఆప్‌నే పూఛా తభీ తో మై బోల్ పాయీ" అని ఏడ్చింది. మీరు అడిగారు కాబట్టే మాట్లాడగలిగానని. అక్క దాని కళ్లు తుడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కను అలా ఇంటికి తీసుకెళ్లలేక, కన్నాట్ ప్లేస్ వైపు వెళ్లే బస్సు పట్టుకుని, అక్కడి నుంచి ఆటోలో అశోకా రోడ్ చేరాం. అక్కడ మన రాష్ట్ర భవన్ క్యాంటీన్‌లో మన భోజనం దొరుకుతుంది. రెండింటిలోపు వెళ్తే పప్పు, కూర, పచ్చడి అన్నీ ఉంటాయి, తర్వాత వెళ్తే ఉన్నవాటితో సరిపెట్టుకోవాలి. టోకెను యాభై రూపాయల పైచిల్లర. వడ్డించే ఆయనది భీమవరం. అక్క కంచంలో అన్నం అలాగే ఉండటం చూసి, "కారం ఎక్కువైందా అమ్మగారూ? పెరుగు వెయ్యమంటారా?" అని అడిగాడు. "కారం ఏం లేదు బాబూ, బాగుంది" అంది అక్క. ఆయన అటు వెళ్లాక నాతో, "చివర్న చెబుదామనుకున్నానే గ్రేసూ. అందరూ చెప్పింది కలిపి, ఒక్కటి మంచి మాట చెబుదామని మనసులో కూర్చుకున్నా" అంది. ఏం మాట అని అడిగాను. "ఇప్పుడెందుకులే" అంది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఆ గదిలో వడ్డించేవాడు మనవాడు కాడు, అక్క కడబంతిలో కూర్చుంది. పెరుగన్నం కలుపుతుండగా మేట్రన్ ఫోన్ వచ్చింది. ఫలితం అప్పుడే ఆసుపత్రికి చేరిపోయింది. అక్క "యెస్ మేడమ్, ష్యూర్ మేడమ్" అని ఫోన్ పెట్టేసి, "సోమవారం నుంచి రీనాకి చార్జి. ఆ పిల్లకి డ్యూటీ చార్టు వెయ్యడం రాదు కదా, నెల రోజులు దగ్గరుండి నేర్పమంటున్నారు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఓ రెండు గంటలు ఉంటే సరిపోద్దంట" అంది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. అక్క మాత్రం అన్నం పారెయ్యకూడదని మొత్తం తినే లేచింది.

తిరుగు ప్రయాణంలో నాకు నా పద్ధతి మీదే విసుగు పుట్టింది. పిల్లలకు స్వేచ్ఛగా మాట్లాడటం నేర్పాలని మేము తెచ్చుకున్న గుంపు చర్చను వీళ్లు ఎవరు ఎవరిని తోసుకుని ముందుకొస్తారో చూసే పందెంగా మార్చేశారు. రంగు కుర్చీలు మిగిలాయి, గుండ్రటి బల్లలు మిగిలాయి. ఒకరి మాట కోసం ఒకరు ఆగడం మాత్రం కొత్త ఇంగ్లీషులో లేదు. జూన్‌లో నా పిల్లలు మళ్లీ నా ముందు కూర్చుంటారు, నాలుగేళ్లలో వీళ్లూ ఏదో ఒక అద్దాల మేడకు వెళ్లాల్సినవాళ్లే. పక్కపిల్ల చేత మాట్లాడించిన పిల్లను నేను మెచ్చుకుంటే ఆ పిల్లకు అన్యాయం చేసినదాన్నవుతానా అని భయం వేస్తోంది. ఇలాంటి భయం పదేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ వెయ్యలేదు.

ఇలాంటి పరీక్షకు ఢిల్లీ వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా, మనస్ఫూర్తిగా కాకపోయినా తప్పక ఇస్తున్నాను. చెయ్యి ఊపగానే మాట్లాడటం మొదలుపెట్టండి. పక్కన ఎవరైనా వణుకుతూ కనపడితే అటు చూడకండి.