తన చేలోనే దారి తప్పిన కెంచమ్మ

తిరుమణి ఊళ్లో కెంచమ్మను ఎవరైనా "మీ కూతురికి ఏమైంది?" అని అడిగితే ముందు కొంగు నడుముకు దోపేది. ఆ తర్వాత అడిగినవాళ్ల ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించేది. నిజానికి మల్లికకు ఏమీ కాలేదు. పుట్టుకతోనే ఆటిజం, అంతే. ఇరవై మూడేళ్ల పిల్ల. మాట తక్కువ, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడదు, మిక్సీ మోగితే చెవులు మూసుకుని వీధిలోకి పరుగెత్తుతుంది, సంతోషమొస్తే రెండు చేతులూ టపటపా ఆడిస్తుంది. ఆ పిల్లకు జడ వేసీ, ముద్ద కలిపి పెట్టీ, చెయ్యి పట్టుకుని నడిపించీ కెంచమ్మ నడుం వంగింది. కాస్త తీరిక దొరికితే చాలు, ఆమెకు ఒకటే బెంగ. నేను పోయినాక దీని గతేంది?

ఆ బెంగకు మందు చెప్పింది ఆశా టీచరు. ఇలాంటి పిల్లలకు తమ పని తాము చేసుకోవడం నేర్పడానికి పావగడ నుంచి వచ్చేది. "కెంచమ్మక్కా, పాపకు చేతగాక కాదు. నువ్వు చెయ్యనిస్తే గదా!" అని మొహం మీదే అనేసింది. పొద్దున లేచింది మొదలు చెయ్యాల్సిన పనులన్నీ బొమ్మలుగా గీసి గోడకు వరసగా అంటించింది. మల్లిక ఒక్కో బొమ్మా చూసి ఒక్కో పని చెయ్యాలి, కెంచమ్మ చెయ్యి పెట్టకూడదు. పెట్టొద్దంటే ఆ చేతులు వింటేనా? మల్లిక సగం జడ వేసుకునేలోగా మిగతా సగం లాక్కుని వేసేసేది. చివరికి టీచరు ఆమె ముందు చాటెడు శనక్కాయలు పోసి, "జడ అయ్యేదాకా ఇవి వలుస్తా ఉండు" అని కూర్చోబెట్టింది. నెల తిరిగేసరికి ఇంట్లో వలవని కాయ లేదు, మల్లికకు జడ వచ్చేసింది.

తర్వాత ఊరి పక్కనున్న సోలార్ పార్కులో మల్లికకు ప్యానెళ్లు తుడిచే పని దొరికింది. ఆ పనిని ఎంత ఇష్టపడిందో చెప్పలేం. మిగతావాళ్లు మూలలు వదిలేస్తారు, ఈ పిల్ల పిట్ట రెట్ట చుక్క కనిపించినా కదలదు. ప్యానెళ్లను నిలబెట్టిన కంబాల మీది నంబర్లు పైకి చదువుకుంటూ వరస వెంట వరస తుడుస్తుంది. కెంచమ్మ రోజూ వెంట వెళ్లి వరస చివర నీడలో కూర్చునేది. ఒకరోజు సూపర్‌వైజరు యోగానంద మొహమాటపడుతూనే విషయం చెప్పాడు.

"అమ్మా, కొత్త రూలు వచ్చినాది. పనోళ్లు తప్ప ఇంకెవురూ లోపలికి రాగూడదంట. సోమారం నుంచి మల్లిక ఒక్కతే రావల్ల. కుదరదంటే ఆ పని ఇంకొకరికి పోతాది."

సోమవారం ఆరు గంటలకు కంపెనీ వ్యాను వచ్చింది. మల్లిక ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, వెనక్కి తిరిగి చూడనైనా లేదు. కెంచమ్మ సరిగ్గా ఒక గంట ఓపిక పట్టింది. ఏడు కొట్టేసరికి చీర మీద పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టి, కూలిమనిషి వేషంలో బయలుదేరింది. మల్లిక తుడిచే వరసల్లో కెంచమ్మ కంపెనీకి గుత్తకిచ్చిన నాలుగెకరాలూ ఉన్నాయి. ఆ చేలో ఇరవై ఏళ్లు శనక్కాయ కలుపు తీసిన మనిషికి దారి ఒకరు చెప్పాలా? వంక పక్కన గొర్రెలు దూరే కంచె సందులోంచి దర్జాగా దూరింది. దూరంనుంచి ఒకసారి చూసి వచ్చేస్తానని తనకు తానే మాటిచ్చుకుంది.

లోపల ఆమె ఎరిగిన చింతచెట్టు లేదు. రాళ్లగట్టు లేదు. మిట్ట, పల్లం ఒకటైపోయాయి. ఎటు చూసినా నీలం అద్దాలే. కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది, తిన్నగా నడిచింది. టాంకరు నీళ్లకు తడిసిన మట్టిలో ఎవరివో అడుగులు కనిపించి ప్రాణం లేచొచ్చింది. వాటి వెంబడి పోయింది. పోయేకొద్దీ అడుగులు రెండు జతలయ్యాయి, తర్వాత మూడు జతలు. మనుషులు చాలామందే ఉన్నారని గుండెల నిండా ధైర్యం తెచ్చుకుని, నాలుగో చుట్టులో ఆ అడుగుల్లో తన తెగిన చెప్పు గుర్తే చూసి నెత్తి కొట్టుకుంది. ఇక సిగ్గు విడిచి అరిచింది.

"మల్లికా! యాడుండావే!"

రెండు వరసల అవతల్నుంచి మల్లిక తల బయటపెట్టింది. తల్లి వేషం చూసి ఆశ్చర్యపోలేదు, కంగారుపడలేదు.

"ఇంకా ఆరు ఉండాయి. కూర్చో," అంది.

కెంచమ్మ కూర్చుంది. మల్లిక ఆరు ప్యానెళ్లూ మూలమూలా తుడిచింది. తర్వాత వైపరు కర్ర ఆనించి పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుంది. నంబర్లు చదువుతూ ముందు నడిచింది. ఒక్క మలుపు తప్పలేదు. వెనక కెంచమ్మ బుద్ధిగా నడిచింది.

గేటు దగ్గర యోగానంద ఉన్నాడు. కెంచమ్మ తువ్వాలు మొహం మీదికి లాక్కుంది. తన మూలంగా కూతురి పని పోయినట్టే. మల్లికకు అబద్ధం రాదు, ఎప్పుడూ రాలేదు.

"సార్, బయటి మనిషి," అంది మల్లిక. "దారి తప్పింది. బయటి మనుషుల్ని తిట్టకుండా గేటు కాడికి తేవల్లని మీరే చెప్పినారు."

యోగానంద ఆ చొక్కానూ తువ్వాలునూ కిందినుంచి పైకి చూశాడు. పెదవులు బిగబట్టాడు, లాభం లేకపోయింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. "అవునప్పా, చెప్పినా. చెప్పింది చెప్పినట్టు చేసింది మాత్రం నువ్వొక్కదానివే." రిజిస్టరు తీసి బయటి మనిషి చేత వేలిముద్ర వేయించాడు. తర్వాత మల్లిక వైపు తిరిగాడు. "రేపు నువ్వొక్కదానివే వస్తావా?"

కెంచమ్మ నోరు తెరిచింది. ఇన్నేళ్లూ ఆ పిల్లను ఎవరేం అడిగినా జవాబు తనదే. ఈసారి తెరిచిన నోటిని బలవంతాన మూసుకుంది.

"వస్తా. రేపు పద్నాలుగో వరస," అంది మల్లిక. చేతులు టపటపా ఆడించింది. తల్లిని గేటు దాటించి, "ఇంటికి పో అమ్మా. నేను వ్యానులో వస్తా" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

కెంచమ్మ రోడ్డు మీద నడవలేదు, ఎగిరింది. ఎదురొచ్చిన ప్రతివాళ్లనూ ఆపి, "మా మల్లిక నన్ను బయటికి తోసేసిందప్పా!" అని పకపకా నవ్వింది. ఎండ దెబ్బేమోనని ఒకాయన నీళ్ల సీసా ఇచ్చాడు. ఆ నీళ్లు తాగుతూనే ఏడ్చేసింది. తాను పోయినా ఆ పిల్ల బతుకుతుంది. ఈ మాట ఇన్నాళ్లూ ఆశా టీచరు చెప్పేది, తాను తల ఊపేది. ఈ పూట కళ్లారా చూసింది.