అత్త సంచిలో ఇంకో నాలుగు కాయలు

తడిసిన గోనెసంచి వాసన తగిలితే, ఇప్పటికీ నాకు మా చిన్నత్త మీద పెంచుకున్న అనుమానమే గుర్తొస్తుంది.

అప్పుడు నేను నాలుగో తరగతి. రాజోలు దగ్గర మా ఊళ్ళో అత్త రోజూ తెల్లారకుండానే లేచి, గడ్డిమేటు వెనక దాచిన కొబ్బరికాయల సంచిని వీపుకి కట్టుకుని కాలవగట్టు మీద పరిగెత్తేది. కాయలు దొంగతనంగా అమ్ముకుంటోందని తేల్చేశాను. ఓ కాయ మీద బొగ్గుతో గుర్తు పెట్టాను. అది సంచితోపాటే తిరిగొచ్చింది. అమ్మనప్పుడు మోయడమెందుకు? అనుమానం ఇంకా ముదిరి తాతయ్యకి చెప్పేశాను.

"నాకు చెప్పేవుగా. ఇంకెవరితోనూ అనకు," అన్నారాయన.

మర్నాడు సంచి ఎత్తబోయి అత్త తూలింది.

"ఏమే, ఇందులో ఇంకో నాలుగు కాయలు వేసింది నువ్వేనా?"

"నేను కాదత్తా!"

అంత పొద్దున్నే తాతయ్య అరుగు మీద కూర్చుని, తలెత్తకుండా కొబ్బరికాయలు వలుస్తున్నారు. ఆయన పంచె నిండా గడ్డిపరకలు.

అవన్నీ కేంద్ర బలగాల సెలక్షన్ల కోసం బరువుతో తీసిన పరుగులని, అత్త ఎంపికయ్యాకే నాకు తెలిసింది. "ఆడపిల్లకి తుపాకీ ఏంటి?" అని అందరి ముందూ కసిరిన తాతయ్యే ఆ కాయలు వేశారని అత్తకి నేనింతవరకూ చెప్పలేదు. చెప్పినా నమ్మదు.