సరస్ ఆంటీ ఫీజు తగాదా

"కట్టలేనివాళ్ళకి ఫీజు మాఫీ ఉందా, లేదా? అది చెప్పు డెన్నిస్!"

"ఉందాంటీ. మీకు కాదు. రైస్‌థార్ప్‌లో మీకు రెండు షాపులున్నాయి," అన్నాడు సర్కారు ఆఫీసు కౌంటరు వెనక గుమాస్తా.

"షాపులు రోడ్డు మీదున్నాయి, నా పర్సులో లేవు. రూలు చదువు. గట్టిగా చదువు, నాకు చెవుడు."

సరస్ ఆంటీకి చెవుడు లేదు. పక్కవీధిలో కుక్కర్ కూస్తే లోపల ఉడికేది పప్పో మటనో చెప్పేస్తుంది. ఆవిడకున్నది ఒకే ఒక్క పిచ్చి. ప్రభుత్వ కాగితాలేవో అడగడం, ఫీజు మాఫీ చెయ్యమని పోట్లాడటం, ఓడిపోవడం, ఆ ఫీజు కట్టేసి పెళ్ళిభోజనం చేసినంత సంతోషంగా ఇంటికి రావడం.

దక్షిణాఫ్రికాలో ప్రజాస్వామ్యం వచ్చిన కొత్తరోజులు. సర్కారు దగ్గరున్న కాగితం ఎవరైనా అడగొచ్చని చట్టం కూడా వచ్చింది. నేను కంప్యూటర్ ఉద్యోగానికి పాలకొల్లు నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ వచ్చి, ఆంటీ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. నాకు కారుంది, ఆవిడకు లేదు. అంచేత ఆవిడ యుద్ధాలకు నేనే సారథిని. ఆవిడ ముత్తాత ఇక్కడి చెరకుతోటల్లో పనికొచ్చిన తెలుగువాడు. ఆవిడ దాకా మిగిలిన తెలుగు పూజకీ, వంటకీ, తిట్లకీ సరిపోతుంది. మిగతాదంతా ఇంగ్లీషే. నా చెవికి తోచినట్టు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఇంతకీ ఏం అడిగేదనుకున్నారు? మా వీధిదీపం స్తంభం ఎప్పుడు పాతారు? లైబ్రరీకి ఆ ఆకుపచ్చ రంగు వెయ్యమన్న మహానుభావుడెవరు? మా పేట రైస్‌థార్ప్ స్తంభాలన్నిటికీ ఆవిడ బీరువాలో జాతకాలున్నాయి. వాటిని చదవగా మాత్రం నేనెన్నడూ చూడలేదు. సమోసాల నూనె పీల్చడానికి వాడేది.

డెన్నిస్ మొండికేస్తే అసలు తెలుగు బయటికొచ్చేది.

"ఓరి మొద్దు సన్నాసీ!"

"అంటే ఏంటి?" అని ఒకసారి డెన్నిస్ నన్నడిగాడు.

"దీవించింది."

"థాంక్యూ ఆంటీ!"

ఆవేళా లైను తలుపు దాటింది. డెన్నిస్ నిట్టూర్చి చదివాడు. రాబడి చాలనివాళ్ళు ఫీజు కట్టక్కర్లేదు, ఆ సంగతి చెప్పి అడగాలి, అంతే.

"ఇప్పుడు జులులో."

"జులు మీకెందుకాంటీ?"

"యెబో, అవును! అందులో అయితేనే నా బుర్రకెక్కుతుంది."

లైన్లో సగంమందికి ఇంటిభాష అయిన జులులోనూ చదివాడు. లైను లైనంతా విన్నది.

ఆ లైన్లో బక్కపలచటి కెస్సీ ఉంది. ముందువారం కూడా ఆమెను అక్కడే చూశాను. పోయిన మొగుడు రోడ్ల శాఖలో పనిచేశాడు. అతని సర్వీసు కాగితాలు చూపిస్తేగాని ఆమె పింఛను కదలదు. ఆరోజు ఫీజనగానే, "పర్సు ఇంట్లో మర్చిపోయాను" అని వెనక్కి తిరిగింది. నేను నమ్మాను కూడా.

ఇప్పుడు ఆమె వంతు వచ్చింది. చూపు నేలమీదే ఉంది.

"నాకూ... ఆ ఆంటీ గొడవపడిందే."

"మాఫీయేనా? కూర్చోండి, రాసేద్దాం," అన్నాడు డెన్నిస్. కెస్సీ తలెత్తింది. వెనకాల ముసలాయన, "నాకూ అదే," అన్నాడు.

ఆంటీ పక్క కిటికీలో చడీచప్పుడు లేకుండా తన ఫీజు కట్టేసింది.

కార్లో అడిగాను. "కెస్సీ మీకు తెలుసా?"

"మా షాపుకొస్తుంది. కొనలేకపోతే, సరుకు బాగాలేదని పెట్టేసి పోతుంది. డబ్బు లేదని మాత్రం అనదు."

"మరి ఆమె ఫీజు మీరే కట్టేయొచ్చుగా?"

"కడితే మళ్ళీ నా షాపు గడప తొక్కుతుందా? లేదనే మాట ముందు ఎవరో ఒకరు గట్టిగా అనాల నాయనా. తర్వాతి మనిషికి నోరు అదే లేస్తుంది."

మరుసటి వారం ఆంటీ గొంతు పూర్తిగా పోయింది. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, వాళ్ళవ్వ నుంచి మిగిలిన తెలుగు ముక్కలతో గుసగుసలాడింది.

"ఈపాలి నువ్వు పోవాల. బస్‌స్టాపు బెంచీ కాగితం అడగాల."

"నేనా? టై కట్టుకుని మాఫీ అడిగితే నవ్వుతారాంటీ!"

"నవ్వనీ. టై తియ్యొద్దు. గట్టిగా అడుగు. జులులో కూడా చదివించు. బాగా ఓడిపో. వచ్చేటప్పుడు కొత్తిమీర తే."