రెండో రోజు కదలిక

అప్పట్లో నేను నోయిడాలో ఒక ఆసుపత్రి ఐసీయూలో నర్సుని. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నా స్పృహ రానివాళ్లను చూసి చూసి, ఎవరు లేస్తారో చెప్పగలనని నాకో పొగరు ఉండేది. మా పెద్ద డాక్టరు మాత్రం మూడు రోజులు నిండి, మత్తుమందు పూర్తిగా దిగితేగానీ నోరు విప్పేవారు కాదు. "సిస్టర్, తబ్ తక్ కుచ్ మత్ బోల్నా" అని, అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దని మమ్మల్నీ కట్టడి చేసేవారు. పిరికి మనిషని వెనకాల నవ్వుకునేదాన్ని.

ఒకసారి మా తెలుగు చర్చి అక్క ఒకావిడ భర్తను తీసుకొచ్చారు. ఆఫీసు మెట్ల మీద కుప్పకూలారట. గుండె మళ్లీ కొట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. రెండో రోజు ఉదయం ఆయన కనురెప్పలు, భుజాలు ఉండుండి అదరడం మొదలుపెట్టాయి. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లీ, కదులుతున్నారే! లేస్తున్నట్టేనా?"

మెదడు బాగా దెబ్బతిన్నవాళ్లలోనే అలాంటి అదురు ఎక్కువగా వస్తుందని డాక్టరు నేర్పించారు. నాకు తెలుసు. అయినా ఆవిడ మొహం చూసి, "లేస్తారక్కా, ప్రార్థన చేసుకో" అనేశాను.

మర్నాడు ఆదివారం. నోయిడా పక్కనే వైశాలిలో ఒక స్కూలు హాల్లో మా ఆరాధన జరిగేది. అక్క ఒక గంట వీలు చేసుకుని వచ్చి, సాక్ష్యం చెప్పడానికి లేచింది. ఆయన కదిలారని, లేస్తారని ఐసీయూలో పనిచేసే చెల్లే చెప్పిందని అంది. అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరసలో కూర్చుని సిగ్గు లేకుండా నేనూ అన్నాను.

బయట చెప్పులు వేసుకుంటూ అక్క అంది: "కాకినాడ నుంచి వదినగారు వెంటనే బయల్దేరతానన్నారు. తమ్ముణ్ని ఆవిడే పెంచారు కదా. కళ్లు తెరిచాక వద్దురుగాని, అప్పుడైతే మాట్లాడుకోవచ్చని ఆపేశాను. మంచి పనే కదా చెల్లీ?"

అప్పుడైనా చెప్పొచ్చు. "మంచి పనే అక్కా" అన్నాను. నా నోరు పడిపోనూ.

సోమవారం డాక్టరు కనుపాపల్లో లైటు వేసి చూశారు, గోళ్లు గట్టిగా నొక్కి చూశారు. దేనికీ స్పందన లేదు. ఇక ఆశ లేదని అక్కను కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. వదినగారికి ఫోను వెళ్లింది. ఆవిడ రైల్లో ఉండగానే ఆయన గుండె మళ్లీ ఆగింది.

వచ్చాక ఆ పెద్దావిడ నన్ను వెతుక్కుంటూ వార్డుకొచ్చారు. "మా తమ్ముడు కదిలాడంట కదమ్మా. నన్ను అక్కా అని పిలుద్దామనే కదిలుంటాడా?"

"అవునండీ" అన్నాను.

ఆ అబద్ధానికి నేనెప్పుడూ బాధపడలేదు. మొదటిది ఆడకపోయుంటే, తమ్ముడి చెయ్యి వెచ్చగా ఉండగా ఆవిడ పట్టుకునేవారు.