వదిన చూడని క్లైమాక్స్

మా వదిన పోయిందని పొద్దున్నే పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. నాగర్‌కర్నూల్లో మా ఇంట్లో బియ్యం కడుగుతున్నదాన్ని, గిన్నె అలాగే వదిలేసి గద్వాలలో మా పుట్టింటికి బయలుదేరాను. బస్సులో ఏడుపు రాలేదు. వనపర్తి బస్టాండు గోడ మీద కొత్త సినిమా పోస్టరు కనిపించింది. కత్తి పట్టుకున్న హీరో, వెనక గుడ్లురుముతున్న మాంత్రికుడు. మాంత్రికుడి గడ్డం అతికించినట్టు తెలిసిపోతోంది, వదిన ఊరుకోదు అనుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

వదిన అంటే మా అన్న భార్య, బల్మూరు పిల్ల. నేను పెళ్లయి వెళ్లేదాకా మా ఇంటి మగ్గం మీద ఆమె, నేను పక్కపక్కనే కూర్చున్నాం. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. వేరువేరుగా నేసి కలిపేది కాదు. నేస్తుండగానే ఈ పోగును ఆ పోగులో చిక్కించాలి, ఒక్కరితో అయ్యే పని కాదు. ఇద్దరు ఆడవాళ్లు రోజంతా పక్కపక్కన కూర్చుంటే నోళ్లు ఊరుకుంటాయా? వేరే ఇళ్లలో మగ్గాల మీద పెళ్లిళ్లూ పంచాయతీలూ నడిచేవి. మా ఇంట్లో మాంత్రికులూ, ముసుగు వీరులూ, దయ్యాలూ నడిచేవి.

నేత పని ఇళ్లలో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. లోకమంతా దయ్యాలు తిరుగుతాయని భయపడే రోజు మాకు సెలవు రోజు. అందుకని దయ్యం సినిమా అయినా, జానపదమైనా మేం చూసిందంతా అమావాస్య మాట్నీకే. చూడక చూడక ఇవాళేనా దయ్యం బొమ్మ చూసేది అని మా అమ్మ తలుపు దగ్గర అడ్డం నిలబడేది. దయ్యాలకు ఇవాళే పని, మనకు ఇవాళే సెలవు, ఇంకెప్పుడు కలుస్తాం అనేది వదిన, చెప్పులు వేసుకుంటూ. హాల్లో టైటిల్స్ పడకముందే నా చెయ్యి పట్టుకునేది. సినిమా అయ్యాక చూస్తే నా మణికట్టు మీద ఆమె గాజుల అచ్చులు ఉండేవి.

మా అన్న మాత్రం ఎప్పుడూ రాలేదు. చీకట్లో కూర్చుంటే తలనొప్పి అనేవాడు. నాయనతో కలిసి పక్క మగ్గం మీద నేసేవాడు, మాకు వీపు పెట్టి. మా మాటలకు అవుననడు, కాదనడు. వింటున్నాడని కూడా మేం అనుకోలేదు.

వదిన చూసి ఊరుకునే మనిషి కాదు. ప్రతి సినిమాకూ ఆమె తీర్పు ఉండేది. ప్రాణాన్ని చిలుకలో దాచుకునే మాంత్రికుణ్ణి చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

"గంత పెద్ద మాంత్రికునికి జర అకల్ ఉండొద్దా? పాణం తీస్కపోయి చిలుకల పెట్టుడేంది? చిలుక ఎగురుతది, ఒర్లుతది, జామపండు సూపిస్తే ఎవనెంబడైనా పోతది. కృష్ణల గన్ని రాళ్లున్నయ్. ఒక్క రాయిల పెడితే ఎవనికి దొర్కుతది?"

కిరాణా కొట్టు నుంచి చక్కెర పొట్లం వస్తే చక్కెర డబ్బాలో పోసి, కాగితం మడతలు విప్పి, మోకాలి మీద సాపు చేసేది. పాత పిల్లల పత్రికల్లోని బొమ్మల కథలు మాకు అలా సగం సగం దొరికేవి. అందులో ముసుగు వీరుడు కళ్లకు ఇంత గుడ్డ పీలిక కట్టుకుంటే సొంత పెళ్లాం గుర్తుపట్టదు. ఆ పెళ్లాం మీద వదినకు భలే చిరాకు. మీ అన్న నెత్తి మీంచి దుప్పటి కప్పుకొని వచ్చినా నడక చూసి చెప్తానని, పక్క మగ్గానికి వినపడేలా అనేది. పక్క మగ్గం మాట్లాడేది కాదు.

సినిమా అడవులను అసలు నమ్మేది కాదు. నల్లమల అంచున పుట్టిన మనిషి. పులి ఉంటుంది గానీ సింహం ఎక్కడిదని హాల్లోనే గట్టిగా అడిగేది, ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. తర్వాత ఎదురింట్లో టీవీ వచ్చి ఆదివారం పొద్దున పురాణాల సీరియళ్లు మొదలయ్యాయి. ఈ వారం వదిలిన బాణం వచ్చే వారానికి గానీ తగిలేది కాదు. అందరూ టీవీకి దండం పెడుతుంటే వదిన మాత్రం, ఆ బాణం తోవలో అన్నం తిని పోతుందా ఏంది అని గొణిగేది. అయినా వచ్చే ఆదివారం అందరికంటే ముందు స్నానం చేసి కూర్చునేది ఆమే. ఆమెకు కావలసిన హీరో ఒకటే రకం. దెబ్బ తగిలితే నొప్పి పుట్టాలి, పరుగెత్తితే ఆయాసం రావాలి. అలసిపోనివాడు గెలిస్తే అందులో ఏముంది అనేది.

ఈ గొడవల్లో పడి మేం చేసే తప్పు కూడా ఒకటే రకం. పోగులో పోగు చిక్కించడం మరచిపోయేవాళ్లం. అంచుకూ ఒంటికీ మధ్య సన్నటి సందు పడేది. అమ్మ చీర ఎత్తి వెలుతురుకు పట్టి, ఈడ రాక్షసుడు సచ్చిండా అని అడిగేది.

ఇక అసలు సంగతి. వదినకు నెలలు నిండినప్పుడు ఏడు తలల రాక్షసుడి సినిమా వచ్చింది. వద్దంటే వినలేదు. హీరో కోట గోడ ఎక్కాడు, రాక్షసుడు గుహలోంచి ఒక్కో తలా బయటపెడుతున్నాడు, హాలంతా ఈలలు. వదిన నా చెయ్యి నలిపేస్తోంది. సినిమాకే అనుకున్నాను. కాదు, నొప్పులు. నేను లేపితే లేవదు.

"జర ఆగు పిల్లా. నొప్పులు మల్లొస్తయ్, సిన్మా మల్లొస్తదా?"

ఆమె అన్నదే నిజమైంది. నేను బలవంతంగా లేపి, రిక్షా పిలిచి దవాఖానకు తీసుకెళ్లాను. సాయంత్రానికి కొడుకు పుట్టాడు. మర్నాడే హాల్లో వేరే సినిమా పడింది. అమావాస్య పుట్టుక అని పెద్దవాళ్లు గొణుగుతుంటే, వదిన బాధల్లా వీడు అరగంట ఆగలేకపోయాడా అనే.

చూసినవాళ్లను అడిగితే తలో రకంగా చెప్పారు. ఎవరి మాటా ఆమె నమ్మలేదు. ఇక మేమే మగ్గం మీద ముగింపులు కట్టడం మొదలుపెట్టాం. ఎన్ని కట్టామో! ఆఖరికి ఒకటి కుదిరింది. హీరో కత్తి విరుగుతుంది, గుర్రం పడిపోతుంది. వీణ్ణి నేను మింగాలంటే నేను మింగాలని ఏడు తలలూ కొట్లాడుకుంటాయి. ఆ మెడల సందుల్లోంచి హీరో ఇటు నుంచి, రాకుమారి అటు నుంచి పరుగెత్తుతారు. వాళ్లను పట్టుకోబోయి మెడలు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోతాయి. రాకుమారి గుహలో కూర్చొని ఏడవకూడదు, ముందు ఆమే ఉరకాలి, ఒక్కడితో అయ్యే పని కాదు అని వదిన పట్టుబట్టింది. అది కుదిరిన రోజు మేమెంత ఊగిపోయామంటే, బెత్తెడు మేర అంచు కలవలేదు. విప్పి మళ్లీ నేశాం.

మొన్న ఎండాకాలం వదిన మంచం పట్టింది. అప్పటికి మా ఇంటికి కేబుల్ వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ సినిమా వేశారు. పొయ్యి ఆర్పి కూర్చున్నాను. ఆఖర్లో రాక్షసుడు మోకాళ్ల మీద పడ్డాడు. గంధర్వుడట, శాపం తీరిందట, పైనుంచి పువ్వులు పడ్డాయి. వదినకు లోకంలో అన్నిటికంటే గిట్టనిది అదే. కథ రాసినోడికి తోవ దొరక్క దేవుడి నెత్తిన పడేసిండు అనేది. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి ఇదీ అని ఎలా చెప్పను? ఆమెను దవాఖానలో చేర్చాక వెళ్లి పక్కన కూర్చుంటే, నేను నోరు తెరవకముందే అడిగింది.

"కేబుల్ల అచ్చిందంట గద. సూసినవా?"

చూశానన్నాను.

"ఆఖరుకు ఏమైతది? శెప్పు."

నేను కత్తి విరిగిన దగ్గర మొదలుపెట్టి మెడలు చిక్కుకున్నదాకా చెప్పాను. ఆమె కళ్లు మూసుకొని అంతా విన్నది.

"గిది నాది గద పిల్లా. అసలుదేంది?"

"శాపం తీరింది వదినా."

నవ్వింది. దగ్గు వచ్చినా ఆగకుండా నవ్వింది. నర్సు వచ్చి ఇద్దరినీ కోప్పడింది. ఇన్నేళ్లూ ఉత్తగనే పరేషాన్ అయ్యానని, చూడకపోవడమే మంచిదైందని అంది. పోరనికి మాత్రం నాదే శెప్పు అంది. ఆమె నాతో అన్న చివరి మాట అదే.

దినాలు అయ్యాక మధ్యాహ్నం చుట్టాలంతా వెళ్లిపోయారు. మేనల్లుడు, వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, నా పక్కన చేరి, తన వల్ల అమ్మ చూడలేకపోయిన సినిమాలో ఆఖరుకు ఏమైందని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. కత్తి విరిగింది, గుర్రం పడింది, తలలు కొట్లాడుకున్నాయి. హీరో లేచి మెడల మధ్యకు ఉరికాడు అన్నాను.

"గాడు కాదు."

అన్న. ఒక్క సినిమాకూ రాని మా అన్న, మా మగ్గం మీద నేను కూర్చునే చోట కూర్చొని ఉన్నాడు.

"ముందుగాల ఉరికింది రాకుమారి," అన్నాడు.

మేమిద్దరం అటు తిరిగాం. వదిన కూర్చునే వైపు నుంచి చెయ్యి గాలిలో పరుగెత్తించుకుంటూ, మిగతా కథంతా ఆయనే చెప్పాడు.