నూనె కారే జడలతో ముందు వరసలో

నా చిన్నప్పుడు రంగూన్ పక్కనున్న ఇన్సేన్‌లో మేముండే వీధి మొత్తానికి టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. వీధి చివర టేకు చెక్కలతో కట్టిన మేడ అది. ఆ ఇంటాయన బర్మావాడు, ఏదో పెద్ద ఉద్యోగం చేసేవాడు, ఎప్పుడో గాని కనబడేవాడు కాదు. ఆయన భార్య మాత్రం వీధిలో అందరికీ తెలిసిన మనిషి. సాయంత్రం టీవీ పెట్టేవేళకి తలుపులు బార్లా తీసి ఉంచేది. ఏ పిల్లలైనా వచ్చి చూడొచ్చు. ఆ మాటకొస్తే మంచావిడే. అందుకే ఆవిడ చేసింది తప్పని అనుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మా తాతయ్య రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చినవాడు. తర్వాత రోజుల్లో మావాళ్లలో చాలామంది తిరిగి ఓడెక్కి విశాఖపట్నం వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం గొంతు తగ్గించుకుని బతకడం నేర్చుకున్నాం. "మనది కాని ఊళ్లో మనకి గొడవలెందుకు" అని మా అమ్మ రోజుకి ఒకసారైనా అనేది. తను పుట్టింది ఆ ఊళ్లోనే. నేను పుట్టిందీ అక్కడే.

ఏటా తింజాన్ నీళ్ల పండగ సెలవుల్లో టీవీలో ఒక పాత ఇంగ్లీషు పాటల సినిమా వేసేవారు. నది మీద బల్లకట్టు నడుపుకునే ఒక తల్లి, ఆవిడ ఐదుగురు పిల్లలు. నదికి వంతెన కడతారని, వాళ్ల పని పోతుందని కథ. ఏ కష్టం వచ్చినా ఆ ఆరుగురూ బల్లకట్టు మీద నిలబడి ఒక పాట పాడేవారు. మాకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఆ పాటలన్నీ మొదటి నుంచి చివరి దాకా నాకు నోటికి వచ్చు. అర్థం లేని శబ్దాలుగా వచ్చు. పప్పు రుబ్బుతూ, బట్టలు ఉతుకుతూ ఏడాది పొడవునా అవే పాడుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, మొదటిసారి ఆ సినిమా చూడ్డానికి చెల్లిని వెంటబెట్టుకుని వెళ్లాను. గదిలో చాప మీద చోటుంది. ఆ ఇంటావిడ మా దగ్గరికొచ్చి, నవ్వుతూనే, మీ తలనూనె వాసన గదంతా నిండిపోతుంది, గుమ్మం దగ్గర కూర్చోండి అంది. గుమ్మం దగ్గర అందరూ విప్పిన చెప్పులున్నాయి. వాటిని కాస్త పక్కకి జరుపుకుని కూర్చున్నాం. సినిమా అంతా ముందువాళ్ల తలల సందుల్లోంచి చూశాం. ఆ తర్వాత అదే మా చోటైపోయింది. మా వెనక వచ్చిన తెలుగు పిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే అక్కడే కూర్చోవడం మొదలుపెట్టారు.

రెండేళ్ల తర్వాత, సినిమా వేసే రోజు పొద్దున్న అమ్మమ్మ నా తలకి నూనె పెట్టబోతే నేను తల పక్కకి తిప్పుకున్నాను. మా అమ్మమ్మ వీధుల్లో గారెలు, బఠాణీ వడలు అమ్మేది. బుట్ట నెత్తిన పెట్టుకుని ఇన్సేన్‌ అంతా తిరిగిన మనిషి. ఆవిడకి అబద్ధం చెప్పడం కష్టం.

"ఏటే, నూనొద్దా? ఎవలన్నారు?" అంది.

నేను చెప్పలేదు. చెల్లి చెప్పేసింది. చెప్పుల సంగతి కూడా చెప్పేసింది.

అమ్మమ్మ లేచి నూనె గిన్నె నిండా పోసుకొచ్చింది. మా ఇద్దరి తలలకీ ఎప్పుడూ లేనంత నూనె పట్టించింది. చెవుల వెనక నుంచి కారి మెడ మీదకి దిగుతోంది. గట్టిగా జడలు వేసి, చివర ఎర్ర రిబ్బన్లు కట్టింది. నాకు ఏడుపొచ్చింది. నూనె లేకుండా వెళ్తే ఈసారి చాప మీద కూర్చోనిస్తారని నేను లోపల్లోపల ఆశ పడ్డాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఈ వాలకం చూసి భయపడింది. పిల్లల్ని పంపొద్దు, గొడవవుతుంది అంది.

"ఈ ఏడు నూనంటారు. వచ్చే ఏడు కూర కంపంటారు. ఆ మీదట మన మాటే కంపంటారు. ఎన్నని వదులుకుంటామే?" అంది అమ్మమ్మ. తను కూడా తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, సాయంత్రం మమ్మల్ని తీసుకుని బయలుదేరింది.

మేం వెళ్లేసరికి గది సగం నిండింది. అమ్మమ్మ చెప్పులు విప్పి, అందరి చెప్పుల పక్కన సరిగ్గా సర్ది, మా చేతులు పట్టుకుని గది మధ్యలోంచి నడిచి టీవీకి ఎదురుగా ముందు వరసలో చాప మీద కూర్చుంది. నన్ను కుడిపక్క, చెల్లిని ఎడమపక్క కూర్చోబెట్టుకుంది. పిల్లలు జరిగి చోటిచ్చారు. సినిమా మొదలైంది.

ఇంటావిడ వచ్చి చూసింది. వంగి, మర్యాదగానే, మీరు గుమ్మం దగ్గర కూర్చుంటే బాగుంటుంది అంది. అమ్మమ్మకి వచ్చిన బర్మా భాష గారెలమ్మే భాష. ఆ ముక్కలతోనే, ఆవిడని "అమా" అని, అంటే అక్కా అని పిలిచి చెప్పింది: "చెప్పులుండే చోట చెప్పులుంటాయి. మేం మనుషులం. చోటు లేదంటే చెప్పు, ఇప్పుడే వెళ్లిపోతాం. వాసనంటే మాత్రం వెళ్లం."

ఇంటావిడ ముఖం ఎర్రబడింది. వెళ్లి టీవీ కట్టేసి, దాని మీద గుడ్డ కప్పేసింది.

గదిలో పాతికమంది పిల్లలున్నారు. ఏడాదికి ఒకసారి వచ్చే సినిమా అది. అందరూ మావైపే చూస్తున్నారు. ఒకడు, మీవల్లే, అన్నాడు. భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది నాకు. ఇంటికెళ్దామని అమ్మమ్మ చెయ్యి లాగాను. ఆవిడ కదల్లేదు.

"నీకు పాటలొచ్చు కదే. పాడు" అంది.

నేను అడ్డంగా తలూపాను. కాసేపు చూసి, అమ్మమ్మే మొదలుపెట్టింది. ఏడాది పొడవునా నా నోట విన్న పాటే. కానీ వరస తప్పు, మాటలు తప్పు. ఆ ఇంగ్లీషు శబ్దాలు ఆవిడ నోట్లో పడి ఏ భాషా కాకుండా పోయాయి. వీధుల్లో గారెలని అరిచే గొంతుతో, తల ఎత్తి, టీవీ మీది గుడ్డని చూస్తూ పాడుతోంది. పిల్లలు పగలబడి నవ్వారు. మొదట నాకు సిగ్గేసింది. నవ్వు ఆగకపోయేసరికి ఆ సిగ్గు ఎక్కడికి పోయిందో తెలీదు, కోపమొచ్చింది. మా అమ్మమ్మని చూసి నవ్వుతారా అనుకున్నాను. లేచి నిలబడి, ఆ పాటని మొదటి నుంచి, సరైన వరసలో పాడాను. మొదట వణికింది గాని, రెండో చరణానికి గొంతు నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి.

ఆ ఇంటావిడ కూతురు నా క్లాసే. బళ్లో మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ పిల్ల తన తల్లి వెనక నిలబడి, సినిమాలో తల్లి పాడే వంతు తను అందుకుంది. అది వినగానే మిగతా పిల్లలు కూడా ఒకరొకరుగా కలిశారు. పాట అయిపోయింది. మా వైపు చూడకుండానే ఆ ఇంటావిడ వెళ్లి గుడ్డ తీసి టీవీ మళ్లీ పెట్టింది. అప్పటికి సినిమా చాలా దూరం జరిగిపోయింది. మిగిలినదంతా మేం ముందు వరసలోనే కూర్చుని చూశాం. అమ్మమ్మ పది నిమిషాల్లో కూర్చున్నచోటే నిద్రపోయింది. ఇంటికెళ్లే దారిలో, "ఏటే ఆ సినిమా, ఒకటే పాటలు" అంది.

దానివల్ల మాకేమీ కాలేదని చెప్పను. ఆ ఇంటివాళ్లు, వాళ్లని చూసి ఇంకో మూడు నాలుగిళ్ల వాళ్లు మా గారెలు కొనడం మానేశారు. వర్షాకాలం అంతా అమ్మమ్మ పక్కపేట దాకా బుట్ట మోసుకెళ్లింది. మోకాళ్లు నొప్పులని రాత్రిళ్లు మూలిగేది. చేసినదానికి బాధపడినట్టు ఒక్కసారి కూడా అనలేదు. మా అమ్మే, కొన్నాళ్లకి, ఎవరూ అడక్కుండానే మాకు నూనె పెట్టడం మొదలుపెట్టింది. మరుసటి తింజాన్‌కి సినిమా వచ్చినప్పుడు తెలుగు పిల్లలందరం లోపలే కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఇంటావిడ మాకు కూడా గ్లాసులతో నీళ్లిచ్చింది.

ఇప్పుడు రంగూన్‌లోనే సంచౌంగ్‌లో ఉంటున్నాను. నాకు మనవరాలు కూడా ఉంది. ఈ సెలవులకి ఆ సినిమాని మళ్లీ టీవీలో వేస్తున్నారని దానికి ఫోనులో కనబడిందట. దానికి తెలుగు అర్థమవుతుంది గాని సరిగ్గా మాట్లాడడం రాదు, సగం బర్మా భాషలో చెప్పింది. ఆ రోజు కరెంటు ఉంటుందో లేదో తెలీదు. లేకపోతే నేనే పాడి వినిపిస్తాను. ఆ మాటల అర్థం నాకు ఇప్పుడు తెలుసు, కానీ పాత శబ్దాలే నోటికొస్తాయి.

పోయినేడు ఒక ఆఫీసుకి కాగితాల పని మీద వెళ్లాను. అక్కడి కుర్రాడు నా ముఖం చూసి, కుర్చీలు ఖాళీగా ఉన్నా, బయట మెట్ల మీద కూర్చోమన్నాడు. నేను మెట్లని చూశాను, అతన్ని చూశాను. తర్వాత వెళ్లి ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది, కావాలనే ఆలస్యం చేశాడనుకుంటాను. చేసుకోనీ. అతను నా పేరు పిలిచేదాకా అక్కడి నుంచి లేవలేదు.